తోక తిప్పే బండి, తల తిప్పని బండి

ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) రేసు కార్లు: సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటిలో ఒకటే మొర: బండి మాట వినడం లేదు. స్ప్రింగులు మార్చాం, ఆయిల్ మార్చాం, ఉన్న డబ్బంతా పోశాం, అయినా వినడం లేదు. ఎక్కడ వినడం లేదో మాత్రం చాలామంది రాయలేదు. మలుపులోకి దిగేటప్పుడా, మలుపు మధ్యలోనా, మలుపు దాటి థ్రాటిల్ ఇచ్చేటప్పుడా? ఈ మూడూ మూడు జబ్బులు, మూడిటికీ మందులు వేరు. ఉత్తరంలో దొరకని సంగతి నేను ఊహించుకుని రాశాను. నా ఊహ తప్పితే మళ్లీ రాయండి, ఏమీ అనుకోను.

ప్రశ్న: మా అబ్బాయికి 1/10 స్కేలు ఆన్‌రోడ్ కారు కొనిచ్చాను. స్టీరింగ్ ట్రిమ్ మధ్యలో ఉన్నా థ్రాటిల్ ఇస్తే ఎడమకి లాగుతుంది. ట్రిమ్ కుడికి జరిపి సర్దుకుంటే, బ్రేకు వేసినప్పుడు ఏకంగా కుడికి కొట్టుకుపోతుంది. స్టీరింగ్ తిప్పే సర్వోలు రెండు మార్చాం. మూడోది కొనమంటున్నాడు. కొనాలా?
— ఒక తండ్రి, విజయవాడ

జవాబు: కొనకండి. జబ్బు ఏమిటో మీ ఉత్తరంలో మీరే రాసేశారు. థ్రాటిల్‌కి ఒకవైపు, బ్రేకుకి ఇంకోవైపు లాగే బండిలో తప్పు సర్వోది కాదు. దాన్ని మేం 'ట్వీక్' అంటాం. నులక మంచానికి ఒక కోడు పొట్టిదైతే ఏమవుతుంది? ఎదురెదురు మూలల్లోని రెండు కోళ్లు బరువు మోస్తాయి, మిగతా రెండూ ఊరికే నేలను తాకుతుంటాయి. మీ బండి కూడా అలాగే నిలబడి ఉంది. నా అంచనా ప్రకారం వెనుక కుడి చక్రం తన వాటాకి మించి మోస్తోంది. థ్రాటిల్ ఇస్తే ఆ చక్రం గట్టిగా తోస్తుంది, బండి ఎడమకి పోతుంది. బ్రేకు వేస్తే అదే చక్రం గట్టిగా పట్టి ఆపుతుంది, బండి కుడికి పోతుంది.

పరీక్షకి పైసా ఖర్చు లేదు. చదునైన అద్దం పలక గానీ గ్రానైట్ గట్టు గానీ ఉంటే చాలు. బ్యాటరీతో సహా బండిని దాని మీద పెట్టండి. షాకులు సర్దుకునేలా ముందూ వెనుకా రెండుసార్లు నొక్కి వదలండి. వెనుక బంపరు కింద సరిగ్గా మధ్యలో స్క్రూడ్రైవర్ మొన పెట్టి మెల్లగా, చాలా మెల్లగా ఎత్తండి. రెండు చక్రాలూ ఒకేసారి లేవాలి. ఏది ముందు లేస్తే దాని మీద బరువు తక్కువ. మీ బండిలో ఎడమది ముందు లేస్తుందని అనుకుంటున్నాను. ముందు వైపు కూడా ఇలాగే చూడండి.

తేడా కనబడితే మొదట యాంటీ రోల్ బార్ లింకులు ఊడదీసి మళ్లీ ఎత్తి చూడండి. సరిపోయిందంటే బారే వంకర. సరిపోకపోతే షాకుల మీద కాలర్లు చూడండి, కుడి ఎడమలకు స్ప్రింగు బిగువు సమానంగా ఉందా అని. కంటితో కాదు, కాలిపర్‌తో. అదీ సరిగ్గా ఉంటే షాసీయే మెలిపడింది. పైన రెండో ప్లేటు ఉన్న కార్బన్ షాసీ అయితే పై ప్లేటు స్క్రూలన్నీ వదులు చేసి, బండిని అద్దం మీద అదిమిపట్టి, ఎదురెదురు మూలల వరసలో కొంచెం కొంచెంగా బిగించండి. ప్లాస్టిక్ షాసీ అయితే ఒక మాట అడుగుతాను: మే నెలలో దాన్ని కారు డిక్కీలో వదిలేశారా? విజయవాడ ఎండలో డిక్కీలో మగ్గిన ప్లాస్టిక్ మళ్లీ తిన్నగా అవుతుందని ఆశపెట్టుకోకండి.

ట్రిమ్‌ని మాత్రం మళ్లీ సున్నాకి తీసుకురండి. ట్రిమ్ జబ్బుని నయం చేయదు, కప్పిపెడుతుంది.

ఈ పని నాకూ తేలిగ్గా రాలేదు. ఒక ఆదివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మూడు జతల స్ప్రింగులు మార్చాను. బండి ఎడమ మలుపులో ఒక తీరు, కుడి మలుపులో ఇంకో తీరు. చివరికి టీ తాగుతూ ఊరికే సస్పెన్షన్ ఆర్మ్ పైకెత్తి వదిలితే అది కిందికి పడలేదు, సగంలో ఆగిపోయింది. లోపల హింజ్ పిన్ వంగి ఉంది. అప్పటి నుంచి స్ప్రింగు డబ్బా తెరవకముందే షాకులు విప్పి నాలుగు ఆర్మ్‌లూ ఎత్తి వదిలి చూస్తాను. తమ బరువుకి తామే పడాలి.

ప్రశ్న: సార్, వెనుక చక్రాల డ్రైవ్ ఉన్న 1/10 బగ్గీని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మా కాలేజీ గ్రౌండ్‌లో నడుపుతున్నాను, పైన దుమ్ము ఎక్కువ. మలుపు దాటి థ్రాటిల్ ముట్టుకుంటే చాలు, వెనుక భాగం గిర్రున తిరిగిపోతుంది. అమ్మినాయన ఇది ట్రాక్ మీద బ్రహ్మాండంగా నడిచేదని చెప్పాడు. మోసపోయానా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఆయన నిజమే చెప్పి ఉండవచ్చు. ఏ ట్రాకో చెప్పి ఉండడు. బండి బాడీ తీసి మోటారు ఎక్కడుందో చూడండి. వెనుక ఇరుసుకి ముందుంటే అది మిడ్ మోటార్ బండి. ఇరుసు వెనుక వేలాడుతుంటే రియర్ మోటార్.

దీని వెనుక చిన్న కథ ఉంది. మన క్రీడలో మట్టి బగ్గీలకి పెద్దమ్మ లాంటిది టీమ్ అసోసియేటెడ్ వారి ఆర్‌సీ10, 1984లో వచ్చింది. దానికి మోటారు వెనుక ఇరుసుకి ఆవల ఉండేది. అప్పటి ట్రాకులు పొడి మట్టివి, ఆ మట్టిలో వెనుక చక్రాలు కొరికి పట్టుకోవాలంటే వాటి మీద బరువు కావాలి. తరవాత తరవాత ట్రాకులు మారాయి. గట్టిపడ్డ బంకమట్టి, కృత్రిమ గడ్డి, కార్పెట్ వచ్చాయి. అక్కడ వెనుక పట్టు ఎటూ బోలెడు, కావలసింది చురుగ్గా తిరగడం. అందుకని మోటారు మధ్యకి జరిగింది. 2013లో అదే కంపెనీ బీ5 బగ్గీని రెండు రకాలుగా అమ్మింది, వెనుక మోటారుది ఒకటి, మధ్య మోటారుతో బీ5ఎం ఒకటి. నేలని బట్టి కొనుక్కోమని దాని అర్థం. మీది మిడ్ మోటార్ అయితే, కార్పెట్ మీద పెరిగిన బండిని తెచ్చి కాలేజీ దుమ్ములో వదిలారన్నమాట.

అయినా కొంత చేయవచ్చు. ముందు టైర్లు. వెనుక టైరు ముళ్లను వేలితో తడమండి. కొత్త ముల్లు కొస పదునుగా, చదునుగా తగులుతుంది. అరిగింది గుండ్రంగా జారిపోతుంది. దుమ్ము నేలకి పొడవాటి, ఎడం ఎడంగా ఉన్న ముళ్లు కావాలి. చిన్న ముళ్లు దట్టంగా ఉన్న టైరు ఆ దుమ్ములో మునగదు, పైన తేలిపోతుంది. లోపలి ఫోము నలిగి పిండి అయిపోయిందేమో కూడా చూసుకోండి. సెకండ్ హ్యాండ్ బండ్లలో ఇది మామూలే.

టైర్ల తరవాత బరువు. బ్యాటరీని వీలైనంత వెనక్కి జరపండి. ముందు జాగాలో ఫోము ముక్క పెడితే అక్కడే నిలుస్తుంది. వెనుక టో-ఇన్, అంటే చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కోణం, 3 డిగ్రీలు ఉందా చూడండి. ఈ తరహా బగ్గీలకి అది మామూలు లెక్క. వెనుక యాంటీ రోల్ బార్ ఉంటే తీసి పక్కన పెట్టండి. బారు పెడితే పట్టు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజం తలకిందులు: ఏ వైపు బారు గట్టిగా ఉంటే ఆ వైపు పట్టు తగ్గుతుంది. వెనుక స్ప్రింగు ఒక మెట్టు మెత్తనిది వేసి చూడండి. స్లిప్పర్ క్లచ్ ఉంటే కొంచెం వదులు చేయండి. ఇవన్నీ ఒకే రోజు చేయకండి. ఒక్కటి మార్చి పది చుట్లు తిప్పి, తరవాత రెండోది.

ఇంకొకటి, రిమోట్‌లో థ్రాటిల్ ఎక్స్‌పో ఉంటుంది. దాన్ని మొదట్లో మెత్తగా ఉండేలా సర్దుకోండి. ట్రిగ్గర్‌ని స్విచ్‌లా నొక్కే వేలికి ఏ సెటప్పూ పనికిరాదు. ఈ మాట మిమ్మల్ని అన్నది కాదు, నా వేలిని.

ప్రశ్న: బాబు పదో తరగతి. టామియా టీటీ-02 కిట్ వాడే కూర్చుకున్నాడు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్ బయట తారు మీద నడుపుతాడు. మలుపు తిరగడం లేదు, వెడల్పుగా పోయి గోడకి కొట్టుకుంటోంది. ముందు బంపరు ఇప్పటికే రెండోది. వాడు ఏడుపొక్కటే తక్కువ.
— ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, బాబుని రిమోట్ తీసుకురమ్మనండి. దాని మీద 'డి/ఆర్' అని చిన్న నాబ్ ఉంటుంది, స్టీరింగ్ ఎంత తిరగాలో నిర్ణయించేది. కూర్చేటప్పుడో, బ్యాగులో పడేసినప్పుడో అది తగ్గిపోయి ఉంటుంది. పూర్తిగా పెంచి, చక్రాలు ఆర్మ్‌లకి తగలకుండా రెండు వైపులా సమానంగా తిరుగుతున్నాయా చూడమనండి. నా దగ్గరికి 'తిరగడం లేదు' అని వచ్చే కొత్త బండ్లలో ఇదే మొదట చూస్తాను. చాలాసార్లు అక్కడే పని అయిపోతుంది.

నాబ్ సరిగ్గానే ఉంటే అప్పుడు బండి వైపు చూద్దాం. టీటీ-02 మంచి బండి, గట్టి బండి, నేర్చుకోవడానికి నేను ఇప్పటికీ దాన్నే చెబుతాను. కానీ స్టీరింగ్ భాగాలన్నీ ప్లాస్టిక్. ముందు చక్రం పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తే టక్ టక్‌మని ఖాళీ ఆట ఉంటుంది. కొంచెం ఆట మామూలే. సర్వో హార్న్‌లోని సర్వో సేవర్ (దెబ్బల నుంచి సర్వోని కాపాడే భాగం) వదులైతే మాత్రం చక్రం నేలని తాకగానే వెనక్కి తిరిగిపోతుంది. బండిని గాలిలో ఎత్తి స్టీరింగ్ తిప్పితే పూర్తిగా తిరిగి, నేల మీద పెట్టి తిప్పితే సగమే తిరిగితే దోషం అక్కడే.

ఇక ఆ కిట్‌తో వచ్చే షాకుల్లో నూనె ఉండదు, స్ప్రింగు, రాపిడి మాత్రమే. పుట్టినరోజుకి ఏదైనా కొనిపెట్టాలనుకుంటే మోటారు కొనకండి, అదే కంపెనీ సీవీఏ ఆయిల్ షాకులు కొనండి. వాడు మోటారే అడుగుతాడు.

చివరిగా బాబుకి నేరుగా ఒక మాట. బాబూ, మలుపులోకి వెళ్లేలోపే వేగం తగ్గించు. ముందు టైర్లు ఒకేసారి రెండు పనులు పూర్తిగా చేయలేవు, బ్రేకు పట్టాలంటే తిరగలేవు, తిరగాలంటే బ్రేకు పట్టలేవు. ఆపడం తిన్నగా ఉన్నప్పుడే ముగించి, అప్పుడు తిప్పు. తారు మీద దుమ్ము ఉంటే ముందు ఊడ్చు. అమ్మ చేత ఊడ్పించకు.

ప్రశ్న: మాకు చలికాలంలో ఇండోర్ కార్పెట్ ట్రాక్ మీదే రేసులు. నా టూరింగ్ కారు తిరగదన్న బాధ లేదు, మరీ ఎక్కువ తిరిగి మలుపులో బోర్లా పడుతుంది. ఫైనల్లో రెండుసార్లు పడ్డాను.
— డాలస్, అమెరికా

జవాబు: కాకినాడ తమ్ముడు వింటే కుళ్లుకుంటాడు. మీకు పట్టు ఎక్కువై బాధ. బండి జారడానికి బదులు టైరు కార్పెట్‌ని పట్టుకుని ఉండిపోయింది, పైన బరువు మాత్రం ఆగలేదు, బోర్లా పడింది. దీన్ని ట్రాక్షన్ రోల్ అంటారు.

కార్పెట్ రేసర్లు చేసే పాత పని ఒకటుంది: ముందు టైర్ల బయటి అంచు గోడకి సీఏ జిగురు, అంటే మన సూపర్ గ్లూ, సన్నగా పూస్తారు. బండి ఒరిగినప్పుడు ఆ అంచు కార్పెట్‌కి తగులుతుంది, జిగురు గట్టిపడిన చోట పట్టు ఉండదు, పడాల్సిన బండి జారి బతుకుతుంది. నేలని తాకే భాగం మీదికి జిగురు రానివ్వకండి. కిటికీ తెరిచి పూయండి, ఆవిరి కళ్లకి మండుతుంది. పూర్తిగా ఆరాకే నడపండి.

తరవాత బండి ఎత్తు ట్రాకు నియమం ఒప్పుకున్నంత కిందికి దించండి. ముందు స్ప్రింగు గట్టిది, ముందు బారు మందంది. స్టీరింగ్ కొంచెం తగ్గించినా చాలాసార్లు సరిపోతుంది. మీ ఊళ్లో ఇదంతా నా కన్నా బాగా తెలిసినవాళ్లు పక్క టేబుల్ దగ్గరే ఉంటారు, అడగండి. రేసు టేబుళ్ల దగ్గర సాయం అడిగితే లేదనే మనిషిని నేను చూడలేదు.

ప్రశ్న: జంప్ ఎక్కగానే ముక్కు కిందికి పెట్టి దిగుతుంది. షాకులు మార్చాలా?
— విశాఖపట్నం

జవాబు: ముందు వేలు మార్చాలి. జంపు అంచు దగ్గర భయపడి థ్రాటిల్ వదిలేస్తున్నారు. గాలిలో ఉన్నప్పుడు చక్రాలు వేగంగా తిరగడం మొదలుపెడితే బండి దానికి ఎదురు తిరిగి ముక్కు ఎత్తుతుంది. చక్రాలు నెమ్మదిస్తే, బ్రేకు వేస్తే, ముక్కు దించుతుంది. కాబట్టి అంచు దాటేదాకా థ్రాటిల్ నిలకడగా పట్టుకోండి. గాలిలో ముక్కు దిగుతోందనిపిస్తే ఒక్క చిటికె థ్రాటిల్ ఇవ్వండి, లేస్తుంది. ముక్కు మరీ లేస్తే బ్రేకు ముట్టుకోండి. మోటోక్రాస్ బైకువాళ్లు చేసేదీ ఇదే.

ప్రశ్న: మే నెలలో బాగా నడిచిన బగ్గీ డిసెంబరులో గుంతల మీద గంతులేస్తోంది. ఏమీ మార్చలేదు.
— ఆదిలాబాద్

జవాబు: మీరు మార్చలేదు, వాతావరణం మార్చింది. కొబ్బరి నూనె చలికాలంలో సీసాలో గడ్డకడుతుంది కదా. సిలికాన్ షాక్ ఆయిల్ అంత మొండికేయదు, గడ్డకట్టదు. కానీ చలికి చిక్కబడుతుంది, ఎండకి పలచబడుతుంది. ఆదిలాబాద్ డిసెంబరు పొద్దున అంటే నాకు తెలుసు. ఒక మెట్టు పలచని ఆయిల్ వేయండి.

కొనేటప్పుడు సీసా మీద 'వెయిట్' అంకె కాకుండా 'సీఎస్‌టీ' (సెంటీస్టోక్స్, చిక్కదనం కొలత) అంకె చూడండి. ఒక కంపెనీ 30 వెయిట్, ఇంకో కంపెనీ 30 వెయిట్ ఒకటి కావు. సీఎస్‌టీ కొలత మాత్రం ఏ కంపెనీ సీసా మీదైనా ఒకటే.

ఆయిల్ నింపాక పిస్టన్‌ని మెల్లగా పైకీ కిందికీ ఆడించి, బుడగలు పైకి వచ్చేదాకా షాకుని నిలబెట్టి వదిలేయండి. తొందరపడితే గాలి లోపలే ఉండిపోతుంది. మూత బిగించాక చెవి దగ్గర పెట్టుకుని నొక్కండి. పుచుక్ పుచుక్‌మంటే గాలి ఉన్నట్టే. మళ్లీ విప్పండి. ఎడమ కుడి షాకుల కడ్డీలు పూర్తిగా లోపలికి నొక్కి వదిలితే రెండూ సమానంగా బయటికి రావాలి.

ప్రశ్న: ప్రపంచ ఛాంపియన్ సెటప్ షీట్ సంపాదించి అక్షరం పొల్లు పోకుండా దించాను. ముందుకన్నా చెడిపోయింది.
— హైదరాబాద్

జవాబు: ఆయన చెప్పు మీ కాలికి పట్టలేదు, అంతే. ఆ షీట్‌లో పైన ట్రాకు పేరు, నేల రకం, టైరు పేరు రాసి ఉంటాయి. అందరూ ఆ మూడు గడులు వదిలేసి కింది అంకెలు చదువుతారు. ఆ టైరు, ఆ నేల లేకపోతే కింది అంకెలకి అర్థం లేదు. మీ బండితో వచ్చిన పుస్తకంలో కంపెనీ ఇచ్చిన మామూలు సెటప్ ఉంటుంది. అక్కడికి తిరిగి వెళ్లి మొదలుపెట్టండి.

ప్రశ్న: మొదటి రెండు నిమిషాలు బాగుంటుంది, తరవాత వెనుక జారిపోతుంది.
— గుంటూరు

జవాబు: బండి ఆపిన వెంటనే వెనుక టైర్లు చేత్తో పట్టుకోండి. కాలుతుంటే మీ రబ్బరు ఆ నేలకి మరీ మెత్తనిది. కాలకపోతే టైరు రిమ్ము దగ్గర జిగురు ఊడిందా, చక్రం నట్టు వదులైందా, షాకు కారుతోందా, బాల్ డిఫ్ (డిఫరెన్షియల్) అయితే వేడికి వదులైందా చూడండి. ఈ వరసలోనే.

ప్రశ్న: గైరో పెట్టిస్తే ఈ గోలంతా ఉండదట కదా?
— నెల్లూరు

జవాబు: జారే బండికి స్టీరింగ్‌ని తనే సర్దే పరికరం గైరో. సరదాకి నడిపితే పెట్టించుకోండి, తప్పేమీ లేదు. రేసుకి అయితే చాలా పోటీల్లో ఒప్పుకోరు. పైగా వంగిన పిన్నుని గైరో దాచిపెడుతుంది, సరిచేయదు.

ఉత్తరాలు రాసేవాళ్లకి ఒక మనవి. వచ్చేసారి బండి పేరుతో పాటు ఈ నాలుగూ రాయండి: నేల ఎలాంటిది, టైరు ఏది, ఎంత అరిగింది, జారడం మలుపులో ఏ చోట మొదలవుతోంది. అద్దం మీద ఎత్తి చూసిన ఫలితం కూడా రాస్తే నా పని సగం అయిపోతుంది. విజయవాడ తండ్రిగారు వెనుక ఏ చక్రం ముందు లేచిందో తప్పక రాయాలి. ఎడమదేనని నా అంచనా, కాకపోతే వచ్చే నెల ఇక్కడే ఒప్పుకుంటాను.